యూరోవిజన్‌లో ఐర్లండ్ రికార్డు: తప్పుల్లేని పట్టిక తయారుచేసే పద్ధతి

ఐరోపా దేశాలు ఏటా ఒక్కో పాటతో తలపడే యూరోవిజన్ పాటల పోటీలో ఐర్లండ్ గురించి రాయడానికి కూర్చున్నవాళ్లు ముందుగా గెలుపుల మీద పడతారు. ఏడు గెలుపులు, అందులో మూడు వరసగా. ఊరించే సంగతే. కానీ పట్టికలో ఆ గెలుపుల ఏడు వరసలు ఎక్కడ వెతికినా సరిగ్గానే దొరుకుతాయి. తప్పులు దొర్లేది మిగతా యాభైనాలుగు వరసల్లో. వికీ వ్యాసానికైనా, క్విజ్ పుస్తకానికైనా, వీడియో స్క్రిప్టుకైనా పట్టిక ఒకసారి పద్ధతిగా కడితే తర్వాత దాన్ని చూసి ఎంతైనా రాసుకోవచ్చు.

ముందు 61 వరసలు గీయండి

ఐర్లండ్ మొదటిసారి పోటీకి దిగింది 1965లో, నేపుల్స్‌లో. పాడినవారు బుచ్ మూర్, వచ్చింది ఆరో స్థానం. అక్కడి నుంచి 2025 దాకా ఏడాదికొక వరస చొప్పున స్ప్రెడ్‌షీట్‌లో 61 వరసలు వేయండి. పాట ఉందా లేదా అని చూడకుండా అన్నీ వేయండి. పాటలున్న ఏళ్లే వరసగా రాసుకుంటూ పోతే మధ్యలో ఒక ఏడు జారిపోయినా కంటికి కనపడదు.

వీటిలో మూడు వరసలకు పాట ఉండదు. 1983లో ఆర్థిక ఇబ్బందుల వల్ల ఐర్లండ్ జాతీయ ప్రసార సంస్థ ఆర్టీఈ తప్పుకుంది. 2002లో పాల్గొనే అవకాశమే లేదు, ఎందుకంటే 2001లో 23 పాటల్లో 21వ స్థానం వచ్చింది, కిందివాళ్లు మరుసటి ఏడు బయట ఉండాలన్నది అప్పటి నియమం. 2020లో కోవిడ్ వల్ల పోటీయే రద్దయింది. మూడింటి కారణాలు వేరు కాబట్టి మూడింటికీ ఒకే గీత పెట్టి వదిలేయకండి, గమనిక గడిలో కారణం రాయండి. 2020 దగ్గర ఇంకో మెలిక ఉంది. ఆ ఏడు లెస్లీ రాయ్‌ని, పాటను ఎంపిక చేశారు, పోటీ మాత్రం జరగలేదు. ఆమె పేరు రాయండి, పాల్గొన్న లెక్కలో కలపకండి. 2021లో వేరే పాటతో ఆమే వెళ్లారు, ఆ వరస లెక్కలోకి వస్తుంది.

ఈ మూడు వరసల్లో పాయింట్ల గడి ఖాళీగా ఉంచండి, సున్నా వేయకండి. ఈ పోటీలో సున్నా అంటే వేదికెక్కి పాడి ఎవరి దగ్గరా ఒక్క పాయింటూ తెచ్చుకోలేకపోవడం. చాలా దేశాలకు ఆ అనుభవం ఉంది. ఐర్లండ్‌కు ఫైనల్లో ఎప్పుడూ రాలేదు. ఖాళీ గడిలో సున్నా పడితే లేని అవమానం అంటగట్టినట్టవుతుంది, సగటు లెక్కా చెడుతుంది.

నిలువు గడులు

సంవత్సరం, గాయకులు, పాట, భాష, రచయితలు, ఫైనల్ స్థానం, ఫైనల్ పాయింట్లు, ఫైనల్లో పాటల సంఖ్య, సెమీ స్థానం, సెమీ పాయింట్లు, ఓటు పద్ధతి, గమనిక. ఇవి చాలు. పాటల సంఖ్య, ఓటు పద్ధతి అనే రెండు గడులు ఎక్కడో గాని కనపడవు. పట్టికకు పనికొచ్చే బలం వాటిలోనే ఉంది, ఎందుకో కింద చెబుతాం.

సెమీ గడులు 2004 నుంచే అవసరం. ఐర్లండ్ 2004లో, 2007లో నేరుగా ఫైనల్‌కు వెళ్లింది. 2005, 2006, తర్వాత 2008 నుంచి ప్రతి ఏడూ సెమీ దాటాల్సి వచ్చింది. సెమీ స్థానాన్ని, ఫైనల్ స్థానాన్ని ఒకే గడిలో కలిపేయడం అతి మామూలు పొరపాటు. 2013లో రయన్ డోలన్‌కు ఫైనల్లో 26, అంటే ఆఖరి స్థానం. 2022లో బ్రూక్‌కు సెమీలో 15. రెండూ ఒకే గడిలో ఉంటే 15 మెరుగ్గా కనిపిస్తుంది. నిజానికి 26 వచ్చినవారు సెమీ దాటారు, 15 వచ్చినవారు దాటలేదు. పాయింట్లతోనూ అంతే. 2018లో రయన్ ఓషాగ్నెసీకి సెమీలో 179, ఫైనల్లో 136. చూడగానే తారుమారయ్యాయనిపిస్తుంది, సరిదిద్దబోకండి, అవి అంతే.

సమాన స్థానాల దగ్గర స్ప్రెడ్‌షీట్ ఇబ్బంది పెడుతుంది. 1990లో ఐర్లండ్, ఫ్రాన్స్ చెరి 132 పాయింట్లతో రెండో స్థానం పంచుకున్నాయి. ఆ తర్వాతి దేశం నాలుగోది, మూడోది లేదు. ఈ సంగతి చూపాలని స్థానం గడిలో 2 పక్కన ఏదైనా గుర్తు పెడితే షీటు దాన్ని అంకెగా కాక మాటగా తీసుకుంటుంది. 'రెండో స్థానం ఎన్నిసార్లు' అని లెక్క వేయించినప్పుడు నాలుగుకు బదులు మూడే చూపిస్తుంది. గడిలో 2 మాత్రమే ఉంచి, 'ఫ్రాన్స్‌తో సమానం' అని గమనికలో రాయండి.

గెలిచిన ఊరు, ఆతిథ్యమిచ్చిన ఊరు

ఏడు గెలుపులు, ఏడు ఆతిథ్యాలు. అంకెలు ఇలా కలవడమే కొంప ముంచుతుంది. గెలిచిన దేశం మరుసటి ఏడు పోటీ నిర్వహిస్తుంది కాబట్టి ఒక ఏడు జరిపి చూడాలి.

1970, ఆమ్‌స్టర్‌డామ్: డానా, 'ఆల్ కైండ్స్ ఆఫ్ ఎవ్రీథింగ్', 32 పాయింట్లు
1980, ది హేగ్: జానీ లోగన్, 'వాట్స్ అనదర్ ఇయర్', 143
1987, బ్రసెల్స్: జానీ లోగన్, 'హోల్డ్ మీ నౌ', 172
1992, మాల్మో: లిండా మార్టిన్, 'వై మీ', 155
1993, మిల్‌స్ట్రీట్: నీవ్ కావనా, 'ఇన్ యువర్ ఐస్', 187
1994, డబ్లిన్: పాల్ హ్యారింగ్టన్, చార్లీ మెగెటిగన్, 'రాక్ అండ్ రోల్ కిడ్స్', 226
1996, ఓస్లో: ఈమర్ క్విన్, 'ద వాయిస్', 162

ఆతిథ్యం 1971, 1981, 1988, 1993, 1994, 1995, 1997. అంటే సొంత గడ్డ మీద గెలిచినవి రెండే, 1993, 1994. డబ్లిన్‌లో పోటీ ఆరుసార్లు జరిగింది. 1993లో మాత్రం కార్క్ కౌంటీలోని మిల్‌స్ట్రీట్ అనే చిన్న ఊళ్లో, గుర్రపు పోటీలు జరిగే గ్రీన్ గ్లెన్స్ అరేనాలో జరిగింది. 'ఐర్లండ్‌లో పోటీలన్నీ డబ్లిన్‌లోనే' అని రాసిన పాఠాలు ఇక్కడ పట్టుబడతాయి.

1988 పోటీ డబ్లిన్‌లో జరిగినా గెలిచింది స్విట్జర్లండ్. పాడినవారు కెనడాకు చెందిన సెలీన్ డియోన్. గాయకుల పుట్టుకను బట్టి దేశం రాయకూడదనడానికి ఇంతకంటే సులువైన ఉదాహరణ లేదు. ఇక్కడ పోటీపడేది ప్రసార సంస్థలు. ఐర్లండ్ తరఫున ఆర్టీఈ ఎవరిని పంపితే వారే ఐర్లండ్ గాయకులు. డానా లండన్‌లో పుట్టి, ఉత్తర ఐర్లండ్‌లోని డెర్రీలో పెరిగారు. లిండా మార్టిన్‌ది బెల్‌ఫాస్ట్. జానీ లోగన్ పుట్టింది ఆస్ట్రేలియాలో. జన్మస్థలం గడి పెడితే పెట్టండి, దాన్నిబట్టి దేశం గడి మార్చకండి.

1994 దగ్గర ఇంకో జాగ్రత్త. 'రివర్‌డాన్స్' ఆ రాత్రి ఓట్ల లెక్కింపు విరామంలో సుమారు ఏడు నిమిషాలు చూపించిన నృత్యం. ప్రపంచానికి ఆ రాత్రి నుంచి గుర్తున్నది అదే కాబట్టి, అదే ఐర్లండ్ గెలుపు పాట అని రాసేవాళ్లు ఇప్పటికీ ఉన్నారు. దాన్ని గమనికలో పెట్టండి, పాట గడిలో కాదు.

పాయింట్లను ఎలా పోల్చాలి

డానా 32 పాయింట్లతో గెలిచారు. మరుసటి ఏడు డబ్లిన్‌లో ఏంజెలా ఫారెల్‌కు 79 వచ్చాయి, స్థానం పదకొండు. 2024లో బాంబీ థగ్‌కు 278 వచ్చాయి, స్థానం ఆరు. ఈ మూడు అంకెలను ఒకే గ్రాఫ్‌లో గీస్తే ఐర్లండ్ ఏటేటా ఎదిగిపోతోందనిపిస్తుంది. కారణం ఓటు పద్ధతి మారడమే. ఐర్లండ్ పాల్గొన్న కాలంలో వచ్చిన ప్రధాన మార్పులివి.

1965, 1966లో ఒక్కో దేశం మూడు పాటలకు 5, 3, 1 ఇచ్చేది. 1967 నుంచి 1970 వరకు, మళ్లీ 1974లో ఒక్కో దేశంలో పదిమంది జడ్జీలు, తలా ఒక్క ఓటు. 1971 నుంచి 1973 దాకా దేశానికి ఇద్దరు జడ్జీలు, ప్రతి పాటకూ ఇద్దరూ తలా 1 నుంచి 5 వరకు ఇవ్వాల్సిందే. 1975లో ఇప్పుడు అందరికీ తెలిసిన 12, 10, 8 నుంచి 1 వరకు వచ్చే పద్ధతి మొదలైంది. 2016 నుంచి జ్యూరీ ఒకసారి, ప్రేక్షకులు ఒకసారి విడివిడిగా అవే అంకెలు ఇస్తున్నారు, దాంతో ఫైనల్ స్కోర్లు ఒక్కసారిగా రెట్టింపయ్యాయి.

1971 సంగతి చూడండి. 18 దేశాలు పోటీలో ఉన్నాయి. మిగతా 17 దేశాల్లో ఇద్దరేసి జడ్జీలు కనీసం ఒక్కో పాయింటు ఇచ్చి తీరాలి కాబట్టి ఎంత పేలవమైన పాటకైనా 34 గ్యారంటీ. డానాను గెలిపించిన 32 కంటే అది ఎక్కువ.

పోల్చడానికి వీలైన ఉపాయం ఒకటుంది. ఆ ఏడు పంచిన మొత్తం పాయింట్లను ఫైనల్లోని పాటలతో భాగిస్తే సగటు పాటకు ఎంత వచ్చిందో తెలుస్తుంది. ఐర్లండ్ పాయింట్లను ఆ సగటుతో భాగించండి. 1 దాటితే సగటు కంటే మేలు.

1970లో 12 దేశాలు, దేశానికి 10 ఓట్లు, మొత్తం 120. పాటలు 12, సగటు 10. డానా 32 అంటే 3.2 రెట్లు.

1975 నుంచి 2003 దాకా ఈ లెక్క మరీ సులువు. 12, 10, 8, 7 నుంచి 1 వరకు అన్నీ కూడితే 58. అప్పట్లో పాడిన దేశాలే ఓటేసేవి కాబట్టి ఎన్ని దేశాలున్నా సగటు 58 మాత్రమే. 1980లో 143 అంటే 2.5 రెట్లు, 1987లో 172 అంటే 3, 1992లో 2.7, 1993లో 3.2, 1994లో 3.9, 1996లో 2.8. 1994 గెలుపు ఎంత ఏకపక్షమో 226 అన్న అంకెలో కంటే ఈ 3.9లో బాగా కనపడుతుంది. ఆ 226 అప్పటికి పోటీ చరిత్రలోనే అత్యధికం. 1997లో డబ్లిన్‌లోనే బ్రిటన్ 227తో దాన్ని ఒక్క పాయింటు తేడాతో దాటింది. అన్నట్టు, 2001లో వచ్చిన 6 పాయింట్లకు ఈ లెక్కలో విలువ 0.1.

2004 నుంచి ఫైనల్ చేరని దేశాలు కూడా ఓటేస్తాయి కాబట్టి 58ని ఓటేసిన దేశాల సంఖ్యతో (2016 నుంచి జ్యూరీ, ప్రేక్షకుల ఓట్ల మొత్తం సెట్ల సంఖ్యతో) గుణించి, ఫైనల్ పాటలతో భాగించాలి. 2011లో జెడ్వర్డ్ జంటకు 119 పాయింట్లు. ఆ ఏడు 43 దేశాలు ఓటేశాయి, ఫైనల్లో 25 పాటలు, సగటు దాదాపు 100. అంటే 1.2 రెట్లు. 2024లో 37 దేశాల జ్యూరీలు, 37 దేశాల ప్రేక్షకులు, దానికి తోడు 'మిగతా ప్రపంచం' పేరిట ఆన్‌లైన్ ఓట్లకు ఇంకో సెట్టు, మొత్తం 75 సెట్లు. ఫైనల్ ముందు నెదర్లాండ్స్‌ను పక్కనపెట్టడంతో మిగిలిన పాటలు 25. సగటు 174. బాంబీ థగ్ 278 అంటే 1.6 రెట్లు. 32కూ 278కీ మధ్య ఉన్న అసలు దూరం ఇప్పుడు తేలింది, అదీ డానా వైపు మొగ్గుతూ.

1971, 1972, 1973 ఈ సూత్రానికి లొంగవు. జడ్జీలు ఎన్ని పాయింట్లయినా పంచవచ్చు కాబట్టి మొత్తం ఏటికేడు మారుతుంది. ఆ మూడేళ్ల స్కోరుబోర్డులో అన్ని దేశాల పాయింట్లు కూడి అప్పుడు భాగించండి. కుదరకపోతే ఆ గడులు ఖాళీగా వదలండి.

2023 నుంచి వచ్చిన ఆ 'మిగతా ప్రపంచం' ఓటు దారిలోనే హైదరాబాద్, విజయవాడల నుంచి కూడా ఓటేయొచ్చు. ఎన్ని దేశాల నుంచి ఎన్ని ఓట్లు వచ్చినా అన్నీ కలిపి ఒక్క దేశం ప్రేక్షకుల ఓటుతో సమానం. లెక్కలో దీన్ని మర్చిపోతే సగటు కొంచెం తగ్గిపోతుంది.

పేర్లు తెలుగులో

ఇంగ్లిష్ అక్షరాలు చూసి తెలుగులోకి దించితే ఐరిష్ పేర్లు పాడైపోతాయి. 1993 విజేత పేరును 'నియామ్ కవనాగ్' అని రాసినవి కోకొల్లలు. ఆమె పేరు నీవ్ కావనా. ఐరిష్ లిపిలో ఎమ్ పక్కన హెచ్ వస్తే చాలాచోట్ల 'వ' పలుకుతుంది. కావనా చివరి జీహెచ్ పలకదు. టీ పక్కన హెచ్ వస్తే 'హ', అందుకే 1979 గాయకుడు 'కాథల్' కాదు, కాహల్ డన్. ఎస్ పక్కన ఈ గానీ ఐ గానీ ఉంటే 'ష' లేదా 'శ', అందుకే 1967లో రెండో స్థానం తెచ్చిన డన్ఫీ మొదటి పేరు షాన్, 2009 గాయని శినేడ్ మల్వీ. 1996 విజేత 'ఐమియర్' కాదు, ఈమర్. ఈ సూత్రాలకు మినహాయింపులు చాలా ఉన్నాయి కాబట్టి రాసేముందు ఆ ఏటి ప్రసారంలో వ్యాఖ్యాత ఎలా పలికారో ఒకసారి వినండి. అర నిమిషం పని.

ఐరిష్ భాషలో పాడిన పాట ఒక్కటే ఉంది, 1972లో శాండీ జోన్స్ పాడిన 'క్యోల్ అన్ గ్రా'. 'ప్రేమ సంగీతం' అని అర్థం. స్థానం పదిహేను. మిగతావన్నీ ఇంగ్లిష్ పాటలే. కాబట్టి భాష గడి తొందరగా నిండుతుంది. ఒక్క గమనిక మాత్రం రాయదగ్గది. 1977 నుంచి 1998 దాకా ప్రతి దేశమూ తన భాషలోనే పాడాలన్న నియమం ఉండేది, 1977లో మినహాయింపు పొందిన జర్మనీ, బెల్జియం తప్పిస్తే ఇంగ్లిష్‌లో పాడగలిగినవి బ్రిటన్, ఐర్లండ్, మాల్టా మాత్రమే. ఐర్లండ్ ఏడు గెలుపుల్లో ఆరు ఆ కాలంలోవే. 1999లో నియమం ఎత్తేశాక ఒక్కటీ లేదు. భాష ఒక్కటే కారణమనడం అతి అవుతుంది, ప్రేక్షకుల ఓటు వ్యాపించింది కూడా దాదాపు అప్పుడే. బ్రిటన్‌కూ అదే వెసులుబాటు ఉన్నా ఆ 22 ఏళ్లలో గెలిచింది రెండుసార్లే, 1981లో, 1997లో.

ఐర్లండ్, ఐర్లాండ్ రెండూ తెలుగులో నడుస్తున్నాయి. ఏదో ఒకటి పట్టుకుని చివరిదాకా అదే రాయండి. వికీలో అయితే రెండోదానికి దారిమార్పు పెట్టండి. గాయకులందరికీ 'పాడారు' అనే రూపమే వాడండి. బాంబీ థగ్ తమను స్త్రీగా గానీ పురుషుడిగా గానీ చెప్పుకోరు కాబట్టి 'పాడాడు', 'పాడింది' రెండూ తప్పవుతాయి. అందరికీ ఒకే రూపం పెడితే ఆ చిక్కే రాదు.

రచయితల గడి

దీన్ని చాలామంది వదిలేస్తారు, వదిలేస్తే జానీ లోగన్ కథ అర్థం కాదు. ఆయన గాయకుడిగా గెలిచింది రెండుసార్లు, మూడు కాదు. 1980 పాట రాసింది షే హీలీ. 1987 పాట లోగన్ తానే రాసి పాడారు. 1992లో లిండా మార్టిన్ పాడిన గెలుపు పాట రాసింది కూడా ఆయనే. గాయకుడిగా రెండు, రచయితగా రెండు, మొత్తం మూడు పోటీలు. 'మూడుసార్లు గెలిచిన గాయకుడు' అన్న వాక్యం కనిపిస్తే అక్కడ ఈ గడి నింపలేదని అర్థం. 1984లో లిండా మార్టిన్‌కు రెండో స్థానం తెచ్చిన పాట కూడా ఆయనదే. ఆయన అసలు పేరు షాన్ షెరర్డ్. రచయితల జాబితాలో ఆ పేరు కనిపిస్తే మరొకరనుకోకండి. 1994, 1996 పాటలు రెండూ బ్రెండన్ గ్రాహం రాసినవి.

తేదీలు

ఫైనల్ మధ్య ఐరోపా వేసవి సమయం ప్రకారం శనివారం రాత్రి 9కి మొదలవుతుంది. మన గడియారంలో అది అర్ధరాత్రి దాటాక 12.30, అప్పటికి ఆదివారం. ఇక్కడ కూర్చుని చూసి రాసినవాళ్లు 2024 ఫైనల్‌ను మే 12 అని వేస్తారు. పట్టికలో ఉండాల్సింది పోటీ జరిగిన ఊరి తేదీ, మే 11.

చివరి తనిఖీ

పట్టిక నిండాక ఈ మొత్తాలు సరిపోవాలి. వరసలు 61, పాల్గొన్నవి 58. ఫైనల్లో పాడినవి 46. సెమీలో పాడినవి 19, దాటినవి 7, ఆగిపోయినవి 12. మొదటి స్థానాలు 7, రెండో స్థానాలు 4 (1967, 1984, 1990, 1997), మూడో స్థానం 1 (1977). ఫైనల్లో ఆఖరి స్థానం 2007లో, 2013లో. సెమీ దాటిన ఏడు ఏళ్లు 2006, 2010, 2011, 2012, 2013, 2018, 2024. మొత్తం ఒకటి తేడా వస్తే ముందు 2020 వరస చూడండి, లెస్లీ రాయ్ పేరు రెండుసార్లు లెక్కలోకి వచ్చి ఉంటుంది. ఫైనల్ లెక్కలో తేడా వస్తే 2004, 2007 చూడండి, సెమీ గడి ఖాళీగా ఉంది కదా అని వాటిని ఫైనల్ చేరని ఏళ్లుగా తీసేసి ఉంటారు.

'అత్యధిక గెలుపులు ఐర్లండ్‌వే' అన్న వాక్యం పాత పుస్తకాల నుంచి ఎత్తి రాయకండి. 2023లో లోరీన్ గెలుపుతో స్వీడన్ కూడా ఏడుకు చేరింది. వరసగా మూడేళ్లు గెలిచిన రికార్డు మాత్రం ఇప్పటికీ ఐర్లండ్ ఒక్కదానిదే.

62వ వరస కూడా ఇప్పుడే వేసుకోండి. ఇజ్రాయెల్ పాల్గొనడంపై వచ్చిన వివాదంలో 2026 పోటీకి వెళ్లబోమని ఆర్టీఈ 2025 డిసెంబరులో ప్రకటించింది. ఆ వరసలోనూ పాయింట్ల గడి ఖాళీగా ఉండాలి, గమనికలో కారణం, ప్రకటన నెల రాయాలి. పాల్గొన్న లెక్క 58 దగ్గరే ఉంటుంది.